రెండు చపాతీలు చాలవన్న కుర్రాడు

ముంబయిలో కుర్రాళ్లకి క్రికెట్ శిక్షణ శిబిరం. పొద్దుటి నుంచీ ఎండలో చెమటోడ్చి వచ్చిన పిల్లలకి మధ్యాహ్నం రెండు ఎండు చపాతీలు, కాస్త కూర పెట్టారు. చండీగఢ్ నుంచి వచ్చిన ఓ పొడుగాటి కుర్రాడు మాత్రం ఇది చాలదన్నాడు. ఎందుకు చాలదని శిబిరం నడిపిస్తున్న కేకీ తారాపోర్ అడిగారు. ‘నేను ఫాస్ట్ బౌలర్ని’ అన్నాడు కుర్రాడు. తారాపోర్ నవ్వేశారు. అసలు ఇండియాలో ఫాస్ట్ బౌలర్లు ఎక్కడున్నారయ్యా అని!

కపిల్‌దేవ్ ఈ ముచ్చట తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. నిజానికి తారాపోర్‌ని తప్పుపట్టడానికేం లేదు. అప్పట్లో మనవాళ్ల పద్ధతే అది. కొత్త బంతికి నాలుగైదు ఓవర్లలో మెరుపు పోగొట్టి, బేడీకో ప్రసన్నకో చంద్రశేఖర్‌కో అందించేవాళ్లు. మన హైదరాబాదీ ఆబిద్ అలీ 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకి 6 వికెట్లు తీసిన మాట వాస్తవమే. కానీ ఆయనది మీడియం పేస్. అదే ఏడాది ఎడ్జ్‌బాస్టన్‌లో వికెట్‌కీపర్ కుందరన్ చేత కొత్త బంతి వేయించారు. గావస్కర్ కూడా ఆ పని చేశాడు. వేరే దిక్కులేక!

అలాంటి దేశంలో ఫాస్ట్ బౌలర్నవుతానని బయల్దేరినవాడి ధైర్యాన్ని ఏమనాలి? తండ్రి రామ్‌లాల్ కలప, భవన నిర్మాణాల కాంట్రాక్టర్. ఏడుగురు పిల్లల్లో కపిల్ ఆరోవాడు. గురువు దేశ్‌ప్రేమ్ ఆజాద్ దగ్గర రాటుదేలాడు. 1975 నవంబరులో హర్యానా తరఫున తొలి రంజీ మ్యాచ్. పంజాబ్‌ని 63 పరుగులకే కూల్చేశారు. అందులో కపిల్‌వి 6 వికెట్లు. వయసు పదహారు.

1978 అక్టోబరులో ఫైసలాబాద్‌లో తొలి టెస్టు. పాకిస్తాన్‌తో మళ్లీ ఆడటం పదిహేడేళ్ల తర్వాత. కపిల్ వేసిన బౌన్సర్లకి ఓపెనర్ సాదిక్ మహ్మద్ హెల్మెట్ తెప్పించుకున్నాడు. భారత బౌలర్ని చూసి హెల్మెట్! స్కోరుబోర్డు మాత్రం అంత ఘనంగా లేదు. మూడు టెస్టుల్లో 7 వికెట్లే. సిరీస్ పోయింది. అయితే కరాచీలో 33 బంతుల్లో కొట్టిన అర్ధ సెంచరీ చూశాక, ఈ కుర్రాడికి బ్యాటు కూడా తెలుసని అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత ఊపిరి సలపలేదు. వెస్టిండీస్‌తో 6 టెస్టులు, ఇంగ్లండ్‌లో 4, ఆస్ట్రేలియాతో 6, మళ్లీ పాకిస్తాన్‌తో 6. మొదటి మూడూ కలిపితే పదహారు నెలల్లో 25 టెస్టులు! ఢిల్లీలో వెస్టిండీస్ మీద 126 నాటౌట్. నార్బర్ట్ ఫిలిప్ బంతిని సిక్సర్ కొట్టి మరీ సెంచరీ పూర్తిచేశాడు. ప్యాకర్ గొడవ వల్ల ఆ వెస్టిండీస్ జట్టులో పెద్ద తలకాయలు లేని మాట నిజమే. అయినా ఇరవయ్యేళ్లవాడు 99 దగ్గరో, 95 దగ్గరో ఎలా ఆడతాడో మనకి తెలుసు కదా!

ఇంగ్లండ్‌లో 16 వికెట్లు తీశాడు కానీ, బ్యాటింగ్ చేతికి రాలేదు. సిరీస్ మొత్తం మీద 45 పరుగులు. ఆస్ట్రేలియా మీద 28 వికెట్లు. ఇక 1980 జనవరిలో చెన్నై టెస్టు... నన్నడిగితే కపిల్ తొలి రోజుల్లో అన్నిటికన్నా గొప్ప మ్యాచ్ అదే. మొదటి ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు, బ్యాటుతో 84 పరుగులు, రెండో ఇన్నింగ్స్‌లో 56 పరుగులకి 7 వికెట్లు. పాకిస్తాన్‌ని పది వికెట్లతో ఓడించాం. వెంటనే జరిగిన కోల్‌కతా టెస్టులో వంద వికెట్లు, వెయ్యి పరుగులు పూర్తయ్యాయి. ఇరవై ఒకటి నిండి నెల కూడా కాలేదు. బోథమ్ అంతకుముందే 21 టెస్టుల్లో ఆ ఘనత సాధించాడు. కానీ అప్పటికి అతనికి 23 ఏళ్లు.

ఇక్కడే ఓ మాట. ఆ ఇరవై ఐదు టెస్టుల్లో ఎక్కువ భాగం మన నిర్జీవమైన పిచ్‌ల మీదే ఆడాడు. అవతలి కొసన కర్సన్ ఘావ్రీ సాయంపట్టినా, వికెట్ పడకపోతే కెప్టెన్ చూపు కపిల్ వైపే. ఈ రోజుల్లో అయితే ఫిజియోలు, ట్రైనర్లు లెక్కలు వేసి ఇన్ని ఓవర్లకి మించి వద్దంటారు. ఆ కుర్రాడికి అడ్డుపడినవాళ్లు లేరు. వద్దని తనూ అనలేదు.

1981 ఫిబ్రవరి, మెల్‌బోర్న్. ఆస్ట్రేలియా గెలవాలంటే 143 పరుగులు చాలు. మనవాళ్లలో శివలాల్ యాదవ్ కాలి వేలు విరిగింది. కపిల్‌కి తొడ కండరం పట్టేసింది. నాలుగో రోజు సాయంత్రం బౌలింగే చేయలేదు. ఆఖరి రోజు నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాడు. 28 పరుగులకి 5 వికెట్లు. ఆస్ట్రేలియా 83 ఆలౌట్!

శరీరం ఆ బాకీని 1984లో వసూలు చేసుకుంది. మోకాలికి ఆపరేషన్ అయింది. బంతి వదిలే ముందు ఎగిరే ఆ ఎగురు మళ్లీ మునుపటిలా రాలేదు. తెలివితో, స్వింగ్‌తో ఇంకో పదేళ్లు నెట్టుకొచ్చాడు. 131 టెస్టులు, 434 వికెట్లు. ఆ పదహారేళ్లలో భారత్ ఆడిన టెస్టుల్లో కపిల్ లేనిది ఒక్కటే. అదీ గాయంతో కాదు. 1984 డిసెంబరులో ఢిల్లీలో మ్యాచ్ కాపాడుకోవాల్సిన సమయంలో ఓ సిక్సర్ కొట్టి, వెంటనే మరో భారీ షాట్‌కి ప్రయత్నించి అవుటయ్యాడు. కోల్‌కతాలో జరిగిన తర్వాతి టెస్టుకి సెలక్టర్లు పక్కనపెట్టారు.