పసిబిడ్డ స్వెట్టరులో కలరా ఉండలా?

చలి మొదలైందంటే ప్రతి ఇంట్లోనూ ట్రంకు పెట్టె అడుగునుంచి ఉన్ని స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్లు బయటికి వస్తాయి. వాటితోపాటు కలరా ఉండల వాసనా వస్తుంది. ఆ వాసన పోకముందే స్వెట్టరు తీసి నెలల బిడ్డకు తొడిగే తల్లులు చాలామంది ఉన్నారు. ఇది ప్రమాదకరమైన అలవాటు.

కలరా ఉండలను సాధారణంగా నాఫ్తలీనుతో చేస్తారు. పెట్టెలో వేసిన ఉండ రోజురోజుకూ అరిగిపోవడం మీరు చూసే ఉంటారు. అది ఆవిరై బట్టలకు పడుతుంది. ఆ బట్టలు తొడిగితే ఊపిరి ద్వారా, చర్మం ద్వారా బిడ్డ ఒంట్లో చేరుతుంది. నూనె రాసిన ఒంటికి మరింత త్వరగా ఇంకుతుంది.

కొందరి రక్తంలో పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ లోపం మగపిల్లలలో ఎక్కువ. పైకి ఏమీ తెలియదు. అటువంటి బిడ్డకు నాఫ్తలీను సోకితే రక్తంలోని ఎర్ర కణాలు విచ్ఛిన్నమైపోతాయి. బిడ్డ పాలిపోతుంది. కళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులో వస్తుంది. పాలు సరిగా తాగదు. పురిటి బిడ్డకు కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతినవచ్చు. పసరు మందులతో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఏ బట్టలు తొడిగారో డాక్టరుకు తప్పక చెప్పండి.

మరి ఉన్నికి పురుగు పట్టకుండా ఎలా? ఉన్నిని కొరికేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. చెమట, పాల మరకలు ఉన్నచోటే దానికి మక్కువ. కనుక శుభ్రంగా ఉతికి దాచడమే మొదటి జాగ్రత్త.

గోరువెచ్చని నీళ్లలో వడగట్టిన కుంకుడు రసం కలిపి, స్వెట్టరును మెల్లగా అదుముతూ ఉతకండి. చాకలి సోడా, మరిగే నీళ్లు వాడితే ఉన్ని ముడుచుకుపోయి అట్టకడుతుంది. బండకేసి బాదవద్దు, మెలిపెట్టి పిండవద్దు. రెండు మూడుసార్లు జాడించి, తువ్వాలులో చుట్టి నీరు అదిమేయండి. తీగమీద వేలాడదీస్తే సాగిపోతుంది. నీడలో మంచం మీద పరచి ఆరబెట్టండి. తడి బొత్తిగా పోయాక, గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచండి. చెమ్మతో దాస్తే బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది మంచిది కాదు. ఎండిన వేపాకు వేసుకోవచ్చు గాని, దాన్నే నమ్ముకోకండి.

ఇదివరకే కలరా ఉండలతో దాచిన బట్టలను ఉతికి, రెండు మూడు రోజులు ఆరుబయట గాలికి వేయండి. ఏమాత్రం వాసన ఉన్నా బిడ్డకు తొడగవద్దు. రగ్గులు, దుప్పట్లకూ ఇదే నియమం.

ఇంకొక మాట. ఈ ఉండలు చూడటానికి తెల్లగా పిప్పరమెంట్లలా ఉంటాయి. పిల్లలు మింగితే వాంతి చేయించకండి, పాలు గాని నూనె గాని పట్టకండి. మిగిలిన ఉండలను వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.

ఈ రోజే పెట్టె తెరిచి చూడండి. పసిపిల్లల బట్టల మధ్య కలరా ఉండలుంటే తీసి అవతల పారేయండి.