మన ఎండ కాదు.. మన ఆలస్యమే ముప్పు!

రెంటచింతల ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మిరప కోతలకో, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికో వెళ్లేవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఇంత ఎండ ఉంటే చర్మ క్యాన్సర్ మరణాలూ పల్నాడులోనే ఎక్కువుండాలి కదా? లేదు. ప్రాణాంతకమైన రకం మెలనోమా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనే ఎక్కువ. తెల్లచర్మాన్ని ఎండ త్వరగా దెబ్బతీస్తుంది. మన చర్మంలోని మెలనిన్ మనకు గొడుగులా పనిచేస్తుంది.

2020లో ప్రపంచవ్యాప్తంగా మెలనోమాతో సుమారు 57 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వారిలో 32 వేలకు పైగా మగవాళ్లే. వీపు మీద లేచిన మచ్చ కంటపడదు, పడినా డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో మగవాళ్లది బద్ధకం. వయసు పెరిగేకొద్దీ మరణాలూ పెరుగుతాయి. ఎందుకంటే ఎండ చేసిన నష్టం ఏళ్ల తరబడి పోగవుతుంది.

ఇదే సంస్థ 2040 నాటికి మరణాలు 96 వేలకు చేరతాయంటోంది. జబ్బు విజృంభిస్తోందని కంగారుపడకండి. ఈ లెక్క వేసింది 2020 నాటి రేటు మారదనుకునే. జనాభా, అందులో వృద్ధుల సంఖ్య పెరగడమే ఈ పెరుగుదలకు కారణం. అందుకే రెండు దేశాలను పోల్చేటప్పుడు మొత్తం మరణాలు కాదు, వయసు తేడాను సరిచేసిన రేటు చూడాలి. పోటీ పరీక్షలకైనా, ఇంటర్వ్యూకైనా ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

అయితే రేటు తక్కువని మనం నిశ్చింతగా ఉండొచ్చా? అక్కడే పొరపాటు. మనలాంటి చర్మం ఉన్నవారిలో మెలనోమా ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది కాలి వేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. చెప్పుల్లేకుండా చేలో తిరిగే తాతయ్య అరికాల్లో నల్లమచ్చ కనిపిస్తే ‘ముల్లు దిగిందిలే’ అనుకుంటాం. ఆ ‘లే’ దగ్గరే నెలలు గడిచిపోతాయి. తొలి దశలో చిన్న ఆపరేషన్‌తో పోయేది ముదిరితే ప్రాణం తీస్తుంది.

మీరు చేయగలిగింది ఉంది. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల అరికాళ్లు, గోళ్లు చూడండి. మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరగా ఉన్నా, రంగు మారుతున్నా, పుండు మానకపోయినా నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. అవసరమైతే గుంటూరు జీజీహెచ్ ఉంది. పాత కాలిన మచ్చ మీద మానని పుండు పడినా అశ్రద్ధ వద్దు.

ఈ లెక్కలు మీకు ఆసక్తిగా అనిపిస్తే దీన్నే వృత్తిగా ఎంచుకోవచ్చు. డిగ్రీలో స్టాటిస్టిక్స్, లైఫ్ సైన్సెస్ చదివినవారికి బయోస్టాటిస్టిక్స్, ప్రజారోగ్యం దారులు తెరిచే ఉన్నాయి. దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీల వ్యవస్థను బెంగళూరులోని ఐసీఎంఆర్ సంస్థ నడుపుతోంది. ఏ ఊళ్లో ఎవరు, ఏ వయసులో, ఎందుకు చనిపోతున్నారో రాసిపెట్టేవాళ్లుంటేనే మన పల్లెల సంగతి లెక్కలోకి వస్తుంది.