జాడ తెలిసినా చెర తప్పని నౌక

మొజాంబిక్ నుంచి సుమారు 55 వేల టన్నుల బొగ్గుతో యూఏఈకి బయలుదేరిన బంగ్లాదేశ్ నౌక ‘అబ్దుల్లా’ను 2024 మార్చి 12న సోమాలీ సముద్రపు దొంగలు హిందూ మహాసముద్రంలో స్వాధీనం చేసుకున్నారు. ఆ సాయంత్రమే భారత నౌకాదళ గస్తీ విమానం దాని జాడ కనుగొంది. 14వ తేదీన యుద్ధనౌక సైతం దానిని సమీపించింది. అయినప్పటికీ 23 మంది సిబ్బందికి ఏప్రిల్ 14 దాకా విముక్తి లభించలేదు.

నౌకల జాడ తెలియడం నేడు అంత కష్టం కాదు. స్థూల టన్నేజి 300, అంతకు మించి ఉండి విదేశీ ప్రయాణాలు చేసే నౌకలకు ఏఐఎస్ పరికరం తప్పనిసరి. నౌక పేరు, ఏడంకెల ఐఎంఓ సంఖ్య, కొలతలు, వేగం, దిశ, గమ్యాలను అది నిరంతరం ప్రసారం చేస్తుంది. ఆ సమాచారం రేవు అధికారులకే కాక దొంగలకూ అందే వీలున్నది. ముప్పున్న చోట కెప్టెన్ దానిని ఆపివేయనూవచ్చు.

బొగ్గు, ఖనిజం, ధాన్యాన్ని గుట్టలుగా నింపుకొనే బల్క్ నౌకలకు వాటి నిర్మాణమే శాపం. 50-60 వేల టన్నుల మోత సామర్థ్యం గలవి సుమారు 190 మీటర్ల పొడవుంటాయి. వేగం సాధారణంగా గంటకు 12-14 నాటికల్ మైళ్లే. నిండా సరకుంటే డెక్కు నీటిమట్టానికి దగ్గరవుతుంది. మరబోటులో వెంబడించి నిచ్చెన వేసేవారికి ఇంతకంటే అనువైన నౌక ఉండదు.

అదే ఏడాది జనవరి 4న సాయుధులు ఎక్కిన లైబీరియా జెండా బల్క్ నౌక ‘లీలా నార్ఫోక్’ సిబ్బంది ‘సిటడెల్’ అనే పటిష్ఠమైన గదిలో తలదాచుకున్నారు. మర్నాడు భారత కమాండోలు నౌకలో ప్రవేశించేసరికి దొంగలు లేరు. 15 మంది భారతీయులు సహా 21 మందీ క్షేమంగా బయటపడ్డారు.

‘అబ్దుల్లా’లో సిబ్బంది తుపాకుల ఎదుట బందీలయ్యారు. బలప్రయోగానికి బంగ్లాదేశ్ ప్రభుత్వం, నౌక యాజమాన్యం సుముఖత చూపలేదు. యుద్ధనౌక చేయగలిగింది సోమాలియా జలాల దాకా వెంట వెళ్లడమే. కాగా నాలుగు రోజుల తర్వాత, 2023 డిసెంబరులో అపహరణకు గురైన ‘రుయెన్’ అనే మరో బల్క్ నౌక విషయంలో భారత నౌకాదళం భిన్నంగా వ్యవహరించింది. సుమారు 40 గంటల ఒత్తిడి అనంతరం 35 మంది దొంగలు లొంగిపోగా, 17 మంది సిబ్బంది విడుదలయ్యారు. అక్కడా బందీలున్నారు; నౌక జాడా తెలుసు. తేడా నిర్ణయంలోనే ఉన్నది.

‘అబ్దుల్లా’ విడుదలకు ఎంత సొమ్ము చెల్లించినదీ యాజమాన్యం వెల్లడించలేదు. బొగ్గును యూఏఈలో దించిన తర్వాత మే నెలలో సిబ్బంది చిట్టగాంగ్ చేరుకున్నారు.