ఒంటి పంజరము

లవ్ బర్డ్స్ అని మనవారు పిలుచు చిన్న రంగుచిలుకలు దువ్వాడలోను, కూర్మన్నపాలెములోను వసారాలయందు వ్రేలాడుచుండుట మేము చూచుచున్నాము. పేరులో ప్రేమ యున్నది. పంజరములో మాత్రము పెక్కుచోట్ల ఒక్కటే పక్షి. ఈ యాచారము క్రౌర్యమని మా యభిప్రాయము. బిడ్డలకు భూతదయ బోధించు చదువరులే దీనిని నడుపుచున్నారు గనుక మఱింత గట్టిగా చెప్పుచున్నాము.

ఈ పక్షి నిజమైన పేరు బడ్జరిగర్, జన్మభూమి ఆస్ట్రేలియా. అచ్చటి యెండుమైదానములలో నీటికిని గింజలకును వేలకొలదిగా గుంపుగూడి తిరుగును. జాన్ గౌల్డను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో దీనిని సజీవముగా ఇంగ్లండునకు గొనిపోయెను. తరము లెన్ని గడచినను గుంపుబుద్ధి పోలేదు. పక్షిశాలయెదుట కొంతసేపు నిలిచినవారి కది తెలియును. ఒకటి మెడ వంచి నిలుచును. దాని ముక్కు దానికే అందని తలమీది యీకలను చెలికాడు సవరించును. మగది తాను మ్రింగిన గింజలను మరల పైకి దెచ్చి ఆడుదాని నోట బెట్టును. అన్నిటికంటె వింతయైనది పిలుపు. కలిసియున్న పక్షుల పిలుపులు క్రమముగా ఒకదానికొకటి దగ్గరగును. జతగూడిన మగపక్షి కొలది వారములలో ఆడుపక్షి పిలుపునే నేర్చుకొనును.

"ఒంటిగా నుంచిననే గదా అది మాటలు నేర్చును!" అని ప్రతిపక్షుల వాదము. నిజమే. ఎందుకు నేర్చును? తోటిపక్షి పిలుపు నేర్చుటకు ప్రకృతి యిచ్చిన శక్తి, తోటిపక్షి లేనందున, యజమాని మాటపై బడినది. ఇంటివారు మురిసి బంధువులకు వినిపించు ఆ రెండు ముద్దుపలుకులు గుంపుకొఱకైన వెదకులాటయే. ఆ యజమానియు ఉదయమున కర్మాగారమునకో కార్యాలయమునకో పోయి చీకటిపడి వచ్చును. నడుమ తోడుగా నొక అద్దము వ్రేలాడదీయుదురు! మగపక్షి ఆ బింబమునకు మేత పెట్టబోవును. అది చూచి పిల్లలు నవ్వుదురు, పెద్దలును నవ్వుదురు.

జతగానే కొనుచున్నాము గదా యనువారు మఱికొందఱు. ఆ జత నెవరు కూర్చిరి? రంగుల పొందిక చూచి అంగడివాడు. పెరిగిన మగదానికి ముక్కుపై మెత్తనిభాగము సాధారణముగా నీలముగను, ఆడుదానికి గోధుమవన్నెగను ఉండునను సంగతియైన విచారించువా రరుదు. రెండు ఆడుపక్షులు ఇఱుకు పంజరమున బడి రక్తము వచ్చునట్లు పొడుచుకొనుటయు గలదు. వధువు సమ్మతి లేక పెండ్లి చేయరాదని వాదించు మన యిండ్లలోనే యీ తంతు!

రామచిలుకను బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమని విని, విదేశపు పక్షిని దెచ్చి నిశ్చింతగా నున్నవారును గలరు. మెదలుటకు తగినంత చోటు లేని పంజరమున జంతువు నుంచుట నేరమని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. అందు స్వదేశి విదేశి భేదము లేదు.

అట్లయిన తలుపు తెఱచి విడిచివేయుదమా? వలదు, కాకులకును పిల్లులకును ఆహారమగును. ఒక్కొక్క వసారాలో ఒక్కొక్క పంజరము మాని, ఒకే భవనమున నున్న నాలుగిండ్లవారు కలిసి మేడమీద నీడపట్టున నొక పక్షిశాల కట్టుకొనవచ్చును. ఈ పక్షులు అడ్డముగా నెగురును గనుక ఎత్తుకంటె పొడవు ముఖ్యము. ఎనిమిది పదింటిని విడిచిన, తమ జతను తామే యెంచుకొనును. సంతతి పెరుగ వలదన్నవారు గూడుపెట్టెలు పెట్టరాదు. అది కట్టువఱకు ఒంటిపక్షిని పొరుగింటి ఒంటిపక్షితో చేర్చుట మేలు. కొన్నాళ్లు పంజరములను ప్రక్కప్రక్కన నుంచి, రెండును చేరువకు వచ్చి కూర్చుండుట చూచి, పిదప కలుపవలెను.