మూలకణ చికిత్స: గుండెకు ఆశ ఎంత? ఆధారం ఎంత?

గుండెపోటు నుంచి ప్రాణాలతో బయటపడినా గుండె కండరం బలహీనపడిన రోగులకు మూలకణ చికిత్స మేలు చేయగలదని 2025 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఇరాన్ అధ్యయనం సూచించింది. మెరుగైన వైద్యం కోసం కోల్‌కతాకు చేరుకునే రోగులలో ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వారందరికీ ఈ వార్త ఆశ కలిగించేదే. అయితే ఇది సిద్ధమైన చికిత్సా, లేక ఇంకా పరీక్షలోనే ఉన్న ప్రయోగమా అన్నది తేల్చుకోవాలి.

గుండెపోటులో రక్తం అందక చనిపోయిన కండరం స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. ఎడమ జఠరికలోని రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటకు వెళ్తుందో తెలిపే కొలతే ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఇది 40 శాతం కంటే తక్కువగా ఉన్న 396 మందిని షిరాజ్ నగర వైద్యులు పరిశీలించారు. వారిలో 136 మందికి గుండెపోటు వచ్చిన 3 నుంచి 7 రోజులలో, బొడ్డుతాడు నుంచి సేకరించిన మూలకణాలను గుండె ధమనిలోకి ఎక్కించారు. మిగిలిన వారికి ప్రామాణిక చికిత్స మాత్రమే అందింది. దాదాపు 33 నెలల పరిశీలనలో, గుండె వైఫల్యం ఏటా ప్రతి వంద మందికి మొదటి వర్గంలో 2.77గా, రెండవ వర్గంలో 6.48గా నమోదైంది. మరణాలలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు.

భారతదేశపు అనుభవం మరింత జాగ్రత్తను బోధిస్తున్నది. దేశంలోని ఐదు కేంద్రాలలో 250 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. రోగి సొంత ఎముక మజ్జ కణాలు ఎక్కించడం సురక్షితమేనని తేలింది. కానీ ఆరు నెలల తరువాత ఎజెక్షన్ ఫ్రాక్షన్ సగటు పెరుగుదల కణాలు పొందిన వారిలో 4.82 శాతం కాగా, పొందని వారిలో 5.17 శాతం. అంటే ప్రామాణిక చికిత్సతోనే గుండె కొంత కోలుకుంటుంది. పోల్చడానికి రెండవ వర్గం లేకపోతే ఆ మెరుగుదల ఘనతంతా మూలకణాలకే దక్కేది. రెండు అధ్యయనాలలో వాడిన కణాలు వేరు కనుక ఇరాన్ ఫలితాన్ని కొట్టివేయలేము. దానిని మరిన్ని దేశాలలో, మరింత మందిపై నిర్ధారించుకోవలసి ఉన్నది.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖల 2017 మార్గదర్శకాలు గుండె జబ్బులకు మూలకణాల వాడకాన్ని అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలకే పరిమితం చేశాయి. అటువంటి పరీక్షలను భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. కనుక ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే రిజిస్ట్రీ సంఖ్యను, నైతిక కమిటీ ఆమోదాన్ని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. పరీక్ష పేరు చెప్పి లక్షల రూపాయలు కోరితే అది అనుమానించదగిన విషయమే.

ఛాతీనొప్పి మొదలైన వెంటనే ఆసుపత్రికి చేరడం, మూసుకుపోయిన ధమనిని సకాలంలో తెరిపించుకోవడం, వైద్యులు సూచించిన మందులు మానకపోవడం — గుండె కండరాన్ని కాపాడే నిరూపితమైన మార్గాలు నేటికీ ఇవే.