గృహిణికి నాలుగు మాటలు: పసిబిడ్డకు బండి

బిడ్డకు బండి కొనునపుడు దాని రంగును గాక మీరు నడచు వీథిని దలచుకొనుడు. 1912వ సంవత్సరమున నేర్పడిన సిటీ ఇంప్రూవుమెంటు బోర్డువారు కట్టించిన పత్తర్‌గట్టి రాతికమానుల క్రింద జనసమ్మర్దము మెండు. వెడల్పు బండి యచట సాగదు. గతుకులకు పెద్దచక్రములు, మెట్లకు మడుచు వీలు, పల్లమునకు గట్టి బ్రేకు కావలయును.

అన్నిటికన్న ముఖ్యము పడక. మెడ నిలువని శిశువును కూర్చుండబెట్టినచో తల ముందునకు వ్రాలి యూపిరి కడ్డుపడవచ్చును. కావున సుమారు ఆరు నెలలవఱకు వెల్లకిల పరుండబెట్టుటకును, పిదప కూర్చుండబెట్టుటకును మార్చదగిన బండి యొక్కటి చాలును. ఎండకని దానిపై బట్ట కప్పకుడు. లోపల వేడి హెచ్చును. మిక్కిలి యిరుకున నే బండికన్నను తల్లి చేతులే మేలు.