వ్యాక్యూమ్ క్లీనర్ కొనేముందు మూడో పిన్ సంగతి చూడండి

వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్ రివ్యూ ఏది తెరిచినా సక్షన్ ఎంత, ట్యాంక్ ఎన్ని లీటర్లు, సౌండ్ ఎంత అన్నవే ఉంటాయి. ప్లగ్ గురించి ఒక్క లైన్ ఉండదు. నన్నడిగితే ఆ లైనే ముందు రావాలి. ఇది నీళ్లున్న ఫ్లోర్ మీద, తడి కాళ్లతో వాడే వస్తువు మరి.

లెక్క సింపుల్. లోపల ఇన్సులేషన్ పోయి మెటల్ బాడీకి 230 వోల్టులు వచ్చాయనుకోండి. తడిసిన ఒంటి రెసిస్టెన్స్ సుమారు 1000 ఓమ్స్ వేసుకుంటే మనలోంచి పోయే కరెంట్ 230 మిల్లీయాంప్స్. ప్రాణం పోవడానికి అది చాలా ఎక్కువ, 16 యాంప్స్ ఎంసీబీకి మాత్రం లెక్కే కాదు. ఎంసీబీ కాపాడేది వైరును, మనల్ని కాదు. ఎర్త్ గట్టిగా ఉంటే ఫాల్ట్ కరెంట్ ఆ దారిన భారీగా పోయి ఎంసీబీ పడుతుంది. ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోతే అదీ నమ్మకం లేదు. ఫ్యాక్టరీల్లో పిట్‌లో నీళ్లు పోస్తారు, ఇళ్లల్లో పిట్ ఎక్కడుందో కూడా చాలామందికి తెలీదు.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు అద్దె పోర్షన్లలో త్రీ పిన్ సాకెట్ ఉంటుంది గానీ, మూడో రంధ్రం వెనక వైరు ఉందో లేదో గ్యారంటీ లేదు. దానికన్నా డేంజర్ ఇంకోటుంది: ఎర్త్ లేదని న్యూట్రల్‌నే ఆ పిన్‌కి లూప్ కొట్టడం. అంతా బానే నడుస్తుంది, మూడు లైట్ల సాకెట్ టెస్టర్ కూడా ఓకే అనే చూపిస్తుంది. ఎప్పుడైనా వెనకాల న్యూట్రల్ తెగిందా, మెషీన్ బాడీ మొత్తం లైవ్. అందుకే టెస్టర్‌తో సరిపెట్టుకోకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆకుపచ్చ వైరు పిట్ దాకా పోయిందో లేదో చూపించమనండి.

మెషీన్ మీద చదరంలో చదరం గుర్తుంటే అది డబుల్ ఇన్సులేషన్, టూ పిన్ ఉన్నా పర్లేదు. ఆ గుర్తు లేకపోతే మూడో పిన్ పనిచేయాల్సిందే. 1600 వాట్ల మెషీన్ దాదాపు 7 యాంప్స్ లాగుతుంది, దాన్ని మొబైల్ చార్జర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టకండి.

ఇక 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ. పోయిన కరెంట్, తిరిగొచ్చిన కరెంట్ ఒకటేనా అని ఇది చూస్తుంది, తేడా వస్తే సెకనులో చిన్న వంతులోనే కట్ చేస్తుంది. ఎర్త్ సరిగా లేని చోట కూడా పనిచేస్తుంది. మెషీన్ ధరతో పోలిస్తే ఖర్చు పెద్దదేం కాదు, ఓనర్‌ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఫ్యాక్టరీల్లో ఫ్లోర్ స్క్రబ్బర్ సంగతి ఇంకా సీరియస్. స్పెసిఫికేషన్ చూసి కొనేది పర్చేజ్ వాళ్లు. సబ్బునీళ్లలో నిలబడి, పొడవాటి కేబుల్ ఈడ్చుకుంటూ నడిపేది కాంట్రాక్ట్ హౌస్‌కీపింగ్ అక్కలు, అన్నలు. కేబుల్ తెగితే టేప్ చుట్టి నడిపించకుండా మార్చాలి, స్క్రబ్బర్ పెట్టే ప్రతి సాకెట్‌కీ ఆర్‌సీసీబీ ఉండాలి. దాని మీద ‘టి’ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా ట్రిప్ అవ్వలేదంటే, అది మార్చేదాకా ఆ సాకెట్‌కి మెషీన్ పెట్టనివ్వొద్దు.